ధరల పుస్తకాన్ని నమ్ముకుని ముంబై వెళ్లివచ్చిన వైనం

ఇంట్లో పెద్దలు వదిలివెళ్లిన పాత రూపాయలను అమ్ముకుందామన్న ఆశతో నాణేల ధరల పుస్తకం కొనేవారు, ఆ పుస్తకాన్ని నమ్మి ఊరు దాటి ప్రయాణం కట్టేవారు, ముందుగా మా అనుభవం చదివి ఆ తరువాతే టిక్కెట్టు తీసుకోవాలని మనవి. మామయ్యా నేనూ హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లి, రెండు పగళ్లు ఒక రాత్రి అక్కడ ఉండి, మొత్తం 13,060 రూపాయలు ఖర్చుపెట్టి, 3,600 రూపాయలు సంపాదించుకుని తిరిగివచ్చాము. డబ్బు పోయినందుకు నాకంత విచారం లేదు గాని, 1,850 రూపాయలు పోసి తెప్పించుకున్న పుస్తకమే మమ్మల్ని ఇంత దూరం లాక్కువెళ్లి వెర్రివాళ్లను చేసిందన్న ఉక్రోషం మాత్రం ఇంకా చల్లారలేదు.

మా తాతయ్య నిజాం కాలంలో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేశారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, అటక మీది బిస్కెట్ల రేకు డబ్బాలో ఏడు చార్మినార్ రూపాయలు బయటపడ్డాయి. ఏడు హాలీ సిక్కా (నిజాం రాజ్యపు) రూపాయలకు ఆరు కల్దారు (బ్రిటిషు ఇండియా) రూపాయలు వచ్చేవి కాబట్టి మన ఆస్తి సరిగ్గా ఆరు కల్దార్లని మామయ్య నవ్వుతూ అనేవారు. ఈ రూపాయల మీద ఒకవైపు చార్మినార్, దాని ద్వారంలో అరబ్బీ లిపిలో ఒక అక్షరం ఉంటాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెమైతే 'మీమ్', ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే 'ఐన్'. మా డబ్బాలో మీమ్‌వి మూడు, ఐన్‌వి నాలుగు. అంతవరకు మాకు తెలుసు, అంతకుమించి తెలుసుకోవలసినది ఉంటుందని అనుకోలేదు.

ఆ దశలో పుస్తకం వచ్చింది. మెరిసే కాగితం, ప్రతి పుటలో రంగు బొమ్మలు, ప్రతి నాణేనికి ఎదురుగా నాలుగు గడుల్లో నాలుగు ధరలు. మా రూపాయికి అరిగినదైతే 1,000, ఫరవాలేదనిపించేదైతే 1,600, బాగున్నదైతే 3,500, టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టుంటే 7,000. మామయ్య ముప్ఫై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి కాబట్టి అతిశయోక్తికి పోకుండా మూడవ గడిని ఎంచుకుని, దాన్ని ఏడుతో గుణించి, 24,500 అని పుస్తకం అట్ట లోపల పెన్సిలుతో రాసి కింద గీత గీశారు. పుస్తకం వేసిన వర్తకుడే ముంబైలో జరిగే నాణేల ప్రదర్శనలో దుకాణం పెడుతున్నాడని చివరి పుటలో ప్రకటన ఉంది. మా ప్రయాణం అలా నిశ్చయమైంది.

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ ఇద్దరికీ కలిపి 4,560 రూపాయలు. ప్రయాణం గురించి చెప్పుకోవలసిన ఇబ్బంది ఏమీ లేదు.

లాడ్జి గురించి మాత్రం చెప్పుకోవాలి. స్టేషనుకు నడిచివెళ్లేంత దూరంలో గది 2,200 అని చూసి ముందే డబ్బు కట్టాము. తెల్లవారుజామున చేరేసరికి, మధ్యాహ్నం పన్నెండుకు ముందు గదిలో అడుగుపెడితే అదనంగా 700 అన్నారు. వేచి ఉందామంటే కూర్చోవడానికి ఒకటే కుర్చీ, దాని మీద కాపలాదారు నిద్రపోతున్నాడు. 700 కట్టి తీసుకున్న గదికి కిటికీ ఉంది గాని, తెరిస్తే పక్క భవనం గోడ చేతికి తగులుతుంది. మర్నాడు పది గంటలకు ఖాళీ చేసి సామాను వాళ్ల దగ్గరే ఉంచినందుకు సంచికి 100 చొప్పున మరో 200. ఇన్ని పోట్లు పొడిచినా గుమాస్తా బల్ల వెనుక గోడకు మాత్రం 'గది అద్దె రూ. 4,500' అని అద్దాలు బిగించిన పట్టీ వేలాడుతోంది. మామయ్య దాన్ని చదివి, మనకు సగానికి సగం మిగిలిందిరా అని సంతోషించారు. గోడ మీది ధరకూ చేతులు మారే ధరకూ ఇంత తేడా ఎందుకుంటుందని అప్పుడే ఆలోచించి ఉంటే మధ్యాహ్నం కొంత తేలికగా గడిచేది.

ప్రదర్శన మందిరంలో ఆ వర్తకుడి దుకాణం దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ముందువైపు మేము కొన్న పుస్తకాలే దొంతరగా పేర్చి ఉన్నాయి. అద్దాల పెట్టెలో మా రూపాయికి తోబుట్టువు లాంటి రూపాయి, దాని కింద 3,400 అన్న చీటీ. మామయ్య మొహం వెలిగిపోయింది. జేబులోంచి రుమాలు తీసి ఏడు నాణేలనూ బల్ల మీద పరిచారు.

ఇక్కడ మా తప్పు ఒకటి దాచకుండా చెప్పాలి. బయలుదేరే ముందు రోజు, నల్లబడిన రూపాయలతో పెద్దమనుషుల ముందుకు వెళ్లడం బాగుండదని మామయ్య చింతపండు, పీచు తీసుకుని కూర్చున్నారు. నేను చూసి వారించేసరికి నాలుగు నాణేలు పెళ్లికి తోమిన వెండి గిన్నెల్లా తళతళలాడుతున్నాయి. మీమ్ ఒకటి, ఐన్‌లు మూడు ఆ తోముడుకు గురయ్యాయి. మిగిలిన మూడూ తాతయ్య వదిలినట్టే నల్లగా ఉన్నాయి. నాణేలను తోమవద్దని, తోమిన నాణేలకు ఈ ధరలు వర్తించవని ఆ పుస్తకంలోనే ఏడవ పుటలో స్పష్టంగా ఉంది. తిన్నగా నిజాం పుటకు దూకిన మాకు ఏడవ పుటతో పని పడలేదు.

వర్తకుడు భూతద్దంతో తోమిన నాణేన్ని పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. నన్ను కూడా చూడమన్నాడు. చార్మినార్ మీదుగా, అక్షరాల మీదుగా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు ఒకే వాలులో వందల కొద్దీ కనిపించాయి. అది పీచు చేసిన పని. అతను నాణేనికి 900 ఇస్తానన్నాడు. అది మా పాపమే కాబట్టి కిమ్మనలేదు. అయితే తోమని మూడింటి ధర అడిగినప్పుడు, వాటిని సరిగ్గా చూడనైనా చూడకుండా 1,000 అన్నాడు. ఇది మూడవ గడిలోకి రాదా అని మామయ్య పుస్తకం తెరిచి చూపారు. వస్తుందన్నాడు. మరి 3,500 కదా అంటే, అది మేము అమ్మే ధర సార్, కొనే ధర కాదు అన్నాడు. ఆ ముక్క ఏ పుటలో ఉందని నేను అడిగాను. ముందుమాటలో గాని, వెనుక అట్ట మీద గాని ఎక్కడా లేదు. అప్పటికప్పుడు అక్కడే నిలబడి వెతికాము.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా చేదుగా తేలింది. హైదరాబాద్ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు, అంటే 9.14 గ్రాములు. ఆ వారం వెండి గ్రాము 92 రూపాయలున్నది కాబట్టి, కరిగించినా 841 వస్తుంది. చరిత్రకూ, చార్మినార్‌కూ, తాతయ్యకూ కలిపి అతను కట్టిన విలువ తోమిన నాణేనికి 59 రూపాయలు. బల్లకు అటువైపు ఉంటే 3,400, ఇటువైపు ఉంటే 1,000. నాలుగు తోమిన నాణేలను 3,600కు ఇచ్చివేసి, మిగిలిన మూడింటినీ రుమాలులో కట్టుకున్నాము. మామయ్య ఆ తరువాత గంటసేపు మాట్లాడలేదు. టీ కూడా వద్దన్నారు.

నిజానికి ధరల పుస్తకం పుట్టిందే వర్తకుడి జాబితాగా. స్టాంపులు సేకరించేవారు ప్రమాణంగా చూసే స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగు కూడా 1865లో ఒక దుకాణం ధరల పట్టికగానే మొదలైంది. కాకపోతే అందులోని ధరలు ఆ సంస్థ అమ్మే ధరలన్న మాటను ఆ పుస్తకమే ఒప్పుకుంటుంది. ఆ ఒక్క వాక్యం మా పుస్తకంలోనూ ఉంటే మామయ్య అట్ట లోపల రాసుకున్న అంకె మరోలా ఉండేది. కొనేవారికి ఇలాంటి పుస్తకం కొంతవరకు ఉపయోగమే. అంతకు మించి ఇవ్వకూడదని హద్దు తెలుస్తుంది. అమ్మేవారు మాత్రం రెండవ గడిలో సగం అనుకుని వెళితే గుండె నిబ్బరంగా ఉంటుంది.

ఆదివారం ఉదయం ఫోర్ట్ ప్రాంతంలోని రిజర్వు బ్యాంకు మ్యూజియానికి వెళ్లాము. సోమవారం మూసి ఉంటుంది కాబట్టి దాన్ని ముందుగా చూసుకోవాలి. అక్కడ ఏ నాణెం కిందా ధర లేదు. ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, ఏ లోహం అన్నదే ఉంది. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క చీటీ చదువుతూ రెండు గంటలు తిరిగారు. బయటికి వచ్చాక తానే టీ అడిగారు.

మధ్యాహ్నం మళ్లీ ప్రదర్శనకు వెళ్లింది కేవలం ఆ పుస్తకాన్ని వదిలించుకోవడానికి. ఒక మూల పాత పుస్తకాలు అమ్మే పెద్దాయన ఉన్నారు. మా పుస్తకం ఆయనకు చూపితే, పోయిన ఏటిది, 200 ఇస్తానన్నారు. కోపం రావలసిందే గాని, ఆయన అన్నది విని రాలేదు. ధరలు ఏడాదికి పాతబడతాయి, నాణేల వర్ణన పాతబడదు, అందుకే నేను ధరల పుస్తకాలు నిలవ ఉంచను అన్నారు. 1906లో చరిత్రకారుడు విన్సెంట్ స్మిత్ తయారుచేసిన కలకత్తా ఇండియన్ మ్యూజియం కేటలాగు సంపుటం కోసం ఇప్పటికీ తన దగ్గరకు వస్తారట. ఆ తరువాత ఆయన మా నల్ల రూపాయలను చూపించమన్నారు. మీమ్‌లు రెండింటినీ పక్కన పెట్టి, ఐన్ ఉన్నదాన్ని మాత్రం కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. తరువాత వెనక్కి తిరిగి ఇటుక లాంటి ఒక పుస్తకం తీశారు.

అది ఇరవయ్యవ శతాబ్దపు ప్రపంచ దేశాల నాణేలకు అమెరికాలో అచ్చైన క్రౌజ్ కేటలాగు. 1972లో మొదలై, తరువాత శతాబ్దానికొక సంపుటంగా విడిపోయిన ఈ కేటలాగును కూడా జనం ధరల కోసమే కొంటారు. అందులోని డాలరు ధరలు మనకు పెద్దగా పనికిరావు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద ప్రాచీన వస్తువు, దాన్ని దేశం దాటించడానికి వీలులేదు కాబట్టి, అమెరికాలో ఎంత పలికితే మనకేమిటి? అయితే ఆ పెద్దాయన వేలు పెట్టి చూపించింది ధర కాదు. ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి అందులో రెండు వేరువేరు సంఖ్యల కింద ఉంది. పాలన మొదట్లో ద్వారంలోని ఐన్ అక్షరాన్ని తల మాత్రమే చెక్కారు, తరువాత కింద తోకతో సహా నిండుగా చెక్కారు. హిజ్రీ 1330 నాటి రూపాయల్లో రెండు రకాలూ ఉన్నాయి. తోక లేనిది తక్కువగా దొరుకుతుంది. మా చేతిలో ఉన్నది తోక లేని ఐన్.

మేము 1,850 పెట్టి కొన్న పుస్తకంలో ఈ రెంటికీ కలిపి ఒకటే వరుస, ఒకటే బొమ్మ. ఆ బొమ్మ తోక ఉన్నదానిది. నాణెం ఏదో తెలియకుండా ధర ఎలా కట్టారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. నన్నడిగితే, కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు తమ డబ్బును రకాలు వివరించే పుస్తకం మీద పెట్టాలి. ధర కావాలంటే వేలం సంస్థల కేటలాగులు, వేలం తరువాత వారు ప్రకటించే పలికిన ధరల పట్టికలు చూడాలి. ఆ ధర మీద కొనేవారు కమీషను, పన్ను అదనంగా కడతారన్నది, అమ్మేవారి చేతికి అంతా రాదన్నది గుర్తుంచుకోవాలి. అలాంటి కేటలాగులు రెండు మాకు ప్రదర్శనలో ఉచితంగానే దొరికాయి.

పాత క్రౌజ్‌కు పెద్దాయన 1,200 అడిగారు. నేను బేరమాడబోతే మామయ్య నా చేయి పట్టుకుని ఆపి పూర్తి సొమ్ము ఇచ్చారు. తిండికీ టాక్సీలకూ అయిన 2,350తో కలిపి మా లెక్క అక్కడితో ముగిసింది. మెరుపు కాగితాల పుస్తకాన్ని 200కు ఇవ్వడానికి మాత్రం మామయ్య ఒప్పుకోలేదు. అట్ట లోపల తన చేతిరాత ఉందట.

తిరుగు రైలులో పై బెర్తు దీపం కింద ఆయన క్రౌజ్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చదివారు. ఎదుటి బెర్తువారు దీపం ఆర్పమని రెండుసార్లు అడిగారు. అప్పుడు ఆయన కిందికి వంగి మెల్లగా, "ఏరా, మనం నిన్న ఇచ్చేసిన మూడు ఐన్‌లకూ తోక ఉందా?" అన్నారు. నేనూ అప్పటికి గంట నుంచి అదే ఆలోచిస్తున్నాను. తోమక ముందు ఇంట్లో తీసిన ఫోటో ఒకటి ఫోనులో ఉంటే తెరిచి పెద్దది చేసి చూశాను. ఏడు నాణేలూ వరుసగా, ఫారసీలో విలువ రాసిన వైపే పైకి ఉన్నాయి.