లొల్ల లాకుల నుంచి కోటిపల్లి దాకా: రెండు రోజుల నడక, ఒక రాత్రి నరకం

ఫిబ్రవరి మొదటి వారంలో నేనూ మా మావయ్యగారూ రెండు రోజులు గోదావరి కాలవ గట్ల మీద నడిచొచ్చాం. దారి పొడుగునా ఎవరూ మా దగ్గర ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. శుక్రవారం రాత్రి ఒక లాడ్జిలో పడుకున్నందుకు మాత్రం 2,960 వదిలింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

మావయ్యగారికి 71 ఏళ్లు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారితో కొబ్బరికాయల పడవ మీద లొల్ల లాకులు, అంటే కాలవలో పడవల్ని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపులు, దాటారట. ఆ గట్టు మీద ఒక్కసారి నడవాలని రెండేళ్లుగా అడుగుతున్నారు. మోకాళ్ల సంగతి ఆలోచించి నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

పొద్దున ఆరింటికి ధవళేశ్వరంలో దిగాం. కాటన్ మ్యూజియం అంత పొద్దున్నే తెరవరు, అది చూడాలనుకుంటే నడక ఆలస్యంగా మొదలుపెట్టాలి. నాకు ఇంకో ఆశ ఉండేది. ఆనకట్ట కోసం ధవళేశ్వరం కొండ రాయి ఏటి దాకా మోయడానికి 1840ల్లోనే ఇక్కడ పట్టాలు వేశారు. మన దేశంలో జనం ఎక్కే రైలు 1853లో కదా మొదలైంది, దానికంటే ముందే ఈ ఊళ్లో రాళ్ల బండ్లు పట్టాల మీద నడిచాయి. ఆ దారి ఎక్కడుందని ఇద్దరు పెద్దవాళ్లని అడిగాను, వాళ్లకీ తెలీదు. ఫలానా చోట ఉండేది అని ఒక బోర్డు పెడితే ఎంత బాగుండేది!

బ్యారేజీ మీద బండ్ల రద్దీ మొదలవకముందే దాటెయ్యండి. 1852కి పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి కట్టింది ఇది. మావయ్యగారు తలుపులు లెక్కపెడుతూ నడిచారు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43. లెక్క సరిపోయిందని ఆయన ముఖం వెలిగిపోయింది.

బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవ మొదలవుతుంది. అక్కడి నుంచి గట్టు పట్టుకుంటే చాలు, దారి అడగక్కర్లేదు. ఒక పక్క నిండుగా కాలవ, ఇంకో పక్క కొబ్బరి చెట్లు, వాటి వెనక దాళ్వా (రెండో పంట) వరి నాట్లు. పడవకి తాడు కట్టి మనుషులు ఈ గట్టు మీదే లాక్కుంటూ వెళ్లేవారని, తాడు ఒరిపిడికి భుజాలు కాయలు కాసి ఉండేవని మావయ్యగారు చెప్పారు. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో రావద్దు, అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. నీళ్ల సీసాలు మీరే తెచ్చుకోండి. ఆడవాళ్లతో వస్తే ఇబ్బందే, దారిలో మాకు ఒక్క మరుగుదొడ్డీ కనబడలేదు. ఊళ్లు దగ్గరపడే చోటల్లా గట్టు మీద చెత్త పోస్తున్నారు, అది చూస్తే బాధేసింది.

లొల్ల లాకులు చేరేసరికి పన్నెండు దాటింది, ఫోన్‌లో ఇరవై రెండు వేల అడుగులు. మావయ్యగారు చెప్పులు విప్పి అరుగు మీద కూర్చుని, పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీటి మట్టం దింపి, ముందు తలుపు తీసే పద్ధతంతా చేతులతో చూపించారు. “తలుపు తీసేదాకా నాన్న నా జబ్బ పట్టుకునే ఉండేవాడండీ” అన్నారు. ఆ తర్వాత అరగంట ఏమీ మాట్లాడలేదు. నేనూ కదపలేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఒకావిడ, తిరగేసిన కుండ మీద తడిగుడ్డ ఒక్కసారి లాగి కాగితం లాంటి రేకు తీసి చూపించింది. బెల్లం, నెయ్యి వేసినవి పది 250. రుచికి ఇచ్చిన రెండింటికీ డబ్బు తీసుకోలేదు.

అక్కడి నుంచి ఆటోలో రావులపాలెం, 200. ఇక లాడ్జి. నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి, కింది అంతస్తులో ఏసీ గది 1,500కి మాట్లాడుకుని 500 అడ్వాన్స్ పంపాను. వెళ్లేసరికి “ఆ గది ఇచ్చేశామండి, రేపు శనివారం కదా” అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు ముందు రాత్రే దిగుతారు, గదులకి గిరాకీ. మాకు మిగిలింది మూడో అంతస్తులో జనరేటర్ పక్క గది, 2,400. లిఫ్ట్ లేదు. అడ్వాన్స్ తగ్గించమంటే అది వేరే మేనేజర్ తీసుకున్నాడట, ఆయన సెలవట. మెసేజ్ చూపిస్తే దాని వంక చూడను కూడా చూడలేదు. పెద్దాయన మెట్లెక్కలేరని బతిమాలితే “సర్దుకోవాలండి” అని టీవీ వైపు తిరిగాడు.

గదిలో దుప్పటి తడి వాసన. గీజర్ లేదు, వేడినీళ్లు బకెట్ 30, రెండు బకెట్లకి 60. బిల్లు అడిగితే ప్రింటర్ పాడైంది అన్నాడు. మావయ్యగారు తన కండువానే దిండు మీద పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నారు. మూడు గంటలకి వ్యాన్ల హారన్లు మొదలయ్యాయి. చీకట్లో లేచి కూర్చుని “అల్లుడుగారూ, లాకుల దగ్గర అరుగు మీద పడుకున్నా ఇంతకంటే నిద్ర పట్టేది” అన్నారు. ఆ మాటకి నాకు కళ్లు తిరిగాయి, కోపంతో, సిగ్గుతో. మీరైతే శుక్రవారం రాత్రి ఈ చుట్టుపక్కల గది తీసుకోవద్దు. సోమవారమో మంగళవారమో నడవండి, లేదా రాజమండ్రిలోనే ఉండి పొద్దున్నే బయలుదేరండి.

మర్నాడు బస్సు మారి ముక్తేశ్వరం వెళ్లాం. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నాకే మావయ్యగారు నాతో మళ్లీ మాట్లాడారు. రేవులో ఏరు దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కి 50 ఇచ్చాను, ఇద్దరికీ 40. చిల్లర లేదన్నాడు పంటు అతను, నేనూ వదిలేశాను. కోటిపల్లి ఒడ్డున దిగి పాతిక అడుగులు వేశామో లేదో “ఆయ్, బాబుగారూ!” అంటూ పరిగెత్తుకొచ్చి పది చేతిలో పెట్టాడు.

పంటు మీద నుంచి గౌతమిలో (ఇది గోదావరి పాయ) కట్టిన రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి, నరసాపురం లైను కోసం వేసినవి. బాలయోగి లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పుడు మంజూరైన లైను అది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీక్కుపోయారు. అరవై ఏళ్లు దాటాక, 2004లో, 45 కిలోమీటర్లూ మళ్లీ వేశారు. మేం వెళ్లిన రోజు స్టేషన్‌లో మనిషి లేడు, పట్టాల మధ్య మోకాళ్లెత్తు గడ్డి. పట్టాల మీద నడవకూడదు కాబట్టి పక్కన పొలాల దారిలో గంటన్నర నడిచాం. ఎండ ముదిరాక ఆటోలో ద్రాక్షారామం, 150. భీమేశ్వరుడి దర్శనం పది నిమిషాల్లో అయింది.

అడ్వాన్స్ 500 కోసం ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఆ మేనేజర్ ఇంకా సెలవులోనే ఉన్నాడట.