ఊళ్లకొచ్చే ఉచిత కంటి శిబిరం: చూపు పరీక్ష నుంచి కండ్లద్దాల దాకా

వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏదో ఒక ఊరి బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో కంటి శిబిరం పెడుతూనే ఉంటారు. మర్నాడు పేపర్లో ఇంతమందికి పరీక్షలు, ఇంతమందికి మోతిబిందు (శుక్లం) ఆపరేషన్లు అని వార్త. ఆ అంకెలతో శిబిరం మంచిదో కాదో తేలదు. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు ఆ కన్ను చార్టు మీద ఎన్నో లైను చదువుతోంది? మేము మార్కులేసింది దీన్నిబట్టే.

ఈ కొలత ఎపిడెమియాలజీ, అంటే జనంలో జబ్బులు ఎంతమేర ఉన్నాయో లెక్కతీసే శాస్త్రం, నేర్పింది. 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి నుంచి లలిత్ దండోనా బృందం చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనానికి ఎంచుకున్న ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి. మొత్తం 10,293 మందిని పరీక్షిస్తే అంధత్వం 1.84 శాతం. అందులో 44 శాతానికి కారణం మోతిబిందు, 16 శాతానికి సరైన అద్దాలు లేకపోవడమే. ఆసుపత్రికి వచ్చినవాళ్లను లెక్కపెడితే ఇది బయటపడదు, రానివాళ్ల ఇంటికి పోవాలి. ఇదివరకే ఆపరేషన్ అయిన కండ్లను కూడా వాళ్లు పరీక్షించారు. చూపు సరిగ్గా రానివి తక్కువేం కాదు. కొన్నింటిలో ఆపరేషన్ చెడింది, కొన్నింటికి తర్వాత అద్దాలే ఇవ్వలేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఒప్పుకున్న లక్ష్యమూ ఈ దారిదే: ఆపరేషన్ అయినవాళ్లు, ఇంకా కావాల్సినవాళ్లు అందరినీ కలిపి, వాళ్లలో ఆపరేషన్‌తో 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) లేదా అంతకన్నా మెరుగైన చూపు దక్కింది ఎంతమందికి అని చూడటం.

ఇక శిబిరం సంగతి. చార్టు 6 మీటర్ల దూరంలో ఉండాలి. బడి గది చాలకపోతే 3 మీటర్లకు తయారుచేసిన చార్టు పెట్టాలి గానీ, 6 మీటర్ల చార్టునే దగ్గరికి జరిపితే అందరి చూపూ బాగున్నట్టే వస్తుంది. చదువురానివాళ్లకు ఈ-చార్టు: అందులోని E గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపిస్తే చాలు. ఎక్కువగా తప్పేది కన్ను మూసే దగ్గర: వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు, గట్టిగా నొక్కితే తీశాక కాసేపు మసకే. అరచేతిని దొప్పలా పట్టించాలి. ఒక్కో కన్నుకు విడిగా, పాత అద్దాలుంటే వాటితో కూడా చూడాలి. 6/12 రాకపోతే పిన్‌హోల్ (సన్న రంధ్రమున్న అడ్డు) పెట్టాలి. చిన్న రంధ్రంలోంచి చూపు మెరుగుపడితే చాలావరకు అద్దాల కేసు, పడకపోతే డాక్టరు చూడాల్సిన కన్ను. ఖర్చు లేని ఈ పరీక్షను రద్దీలో మొట్టమొదట ఎగ్గొడతారు. పిన్‌హోల్ కనబడని శిబిరానికి మా దగ్గర సగం మార్కులు పోయినట్టే.

టార్చిలైటుతో ముదిరిన మోతిబిందు దొరుకుతుంది, గ్లకోమా (కంటినరం మెల్లగా దెబ్బతినే జబ్బు) దొరకదు. కంటి ప్రెషర్ మిషన్ ఉందని మురిసిపోవద్దు. ఇందాకటి అధ్యయనంలోనే హైదరాబాద్‌లో ఓపెన్ యాంగిల్ అనే రకం గ్లకోమా బయటపడ్డవాళ్లలో సగానికి పైగా ప్రెషర్ మామూలు హద్దులోనే ఉంది, ఎక్కువమందికి జబ్బున్న సంగతే తెలియదు. కంటినరం చూడాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకు చుక్కలు వేసి, 20-30 నిమిషాలు ఆగి, రెటీనా (కంటి వెనక పొర) చూడాలి. అది జరగకపోతే "కండ్లు బాగున్నయ్" అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

దగ్గరి చూపు అద్దాల విషయంలో శిబిరాలు బాగానే ఉన్నాయి. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగులో కూడా రీడింగ్ అద్దాలు అక్కడికక్కడే చేతికిచ్చే పద్ధతి జనానికి నచ్చింది. లోపమల్లా వయసు అడిగి పవర్ ఇచ్చేయడంలో. 40 సెంటీమీటర్లలో పేపర్ చదివేందుకు సరిపోయిన అద్దం, చాటను ఒళ్లో పెట్టుకుని ఇంకా దగ్గరగా వంగి బీడీలు చుట్టే జగిత్యాల ఆమెకు చాలకపోవచ్చు. 60-70 సెంటీమీటర్ల దూరంలో పోగులు చూసే వరంగల్ కొత్తవాడ జంపఖానా నేతగాడికి అదే అద్దం ఎక్కువై మసకబారుతుంది. పని ఎంత దూరంలో చేస్తారో చేత్తో చూపించమని అడిగే టెక్నీషియన్ దొరికితే అదృష్టమే.

ఆపరేషన్‌కు బస్సులో తీసుకుపోతారు. బీపీ, షుగర్, కన్నీటి గొట్టం పరీక్ష అందరూ చేస్తారు. తేడా వచ్చేది కొలతల గదిలో. నల్లగుడ్డు వంపు ఒక మిషన్‌తో, కంటి పొడవు ఏ-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ మిషన్‌తో కొలిచి, కంటిలో వేసే లెన్స్ పవర్ తేలుస్తారు. పొడవులో 1 మిల్లీమీటరు తప్పితే పవర్‌లో దాదాపు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా. ప్రోబును కంటికి గట్టిగా ఆనిస్తే కన్ను పొట్టిగా నమోదవుతుంది, లెన్స్ ఎక్కువ పవర్‌ది పడుతుంది. అప్పుడు ఆపరేషన్ చక్కగా అయినా దగ్గరిది కనబడి దూరం మసకగా ఉంటుంది. "ఆపరేషన్ ఫెయిలయింది" అని ఊరంతా పాకే కేసుల్లో ఇలాంటివీ ఉంటాయి, వాటికి అద్దాలు చాలు. ఏ పవర్ లెన్స్ వేశారో రాసిన స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితం మీద అంటిస్తారు, పారేయొద్దు. కుట్టు లేని చిన్న కోత పద్ధతా, ఫేకోనా (అల్ట్రాసౌండ్‌తో మోతిబిందును ముక్కలుచేసి తీసే పద్ధతి) అని మనవాళ్లు తెగ ఆరా తీస్తారు. గట్టిపడ్డ మోతిబిందుకు మొదటిదాన్ని తక్కువగా చూడక్కర్లేదు. దాని కోత ఫేకో కోత కన్నా పెద్దది కాబట్టి అడ్డ పవర్ (సిలిండర్ పవర్) కాస్త ఎక్కువ మిగలొచ్చు, అంతే.

తర్వాతి కథే బలహీనం. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలు రోజుకు ఆరుసార్లతో మొదలుపెట్టి, డాక్టరు రాసినట్టు వారం వారం తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు వేయాలి. మెడికల్ షాపులో అదే సీసా మళ్లీ మళ్లీ కొని నెలల తరబడి వేస్తే స్టెరాయిడ్ కంటి ప్రెషర్ పెంచుతుంది. మొదటి వారంలో నొప్పి, ఎరుపు, ఉన్నట్టుండి చూపు తగ్గడం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు. కంటిలోపల ఇన్ఫెక్షన్ అయితే గంటలే లెక్క. శిబిరం వాళ్లు రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఇచ్చారా లేదా అన్నది బస్సు ఎక్కకముందే అడగాలి.

నాలుగు నుంచి ఆరు వారాలకు చివరి చూపు పరీక్ష, అద్దాలు. గ్రాంటు వచ్చేది ఆపరేషన్‌కు కాబట్టి ఈ రోజుకు బస్సు రాదు. ఇదే ఊరికి తిరిగొచ్చి, ఆపరేషన్ అయిన ప్రతి కన్నుకూ చార్టు చదివించి, అద్దాల చీటీ రాసిచ్చే శిబిరానికి అయిదుకు నాలుగు. తీసుకుపోయి దింపేసి పోయేవాటికి రెండు.