‘శ్రీ’కారం చెదిరిన డెస్క్‌టాప్: పర్లాకిమిడిలో ఒక మరమ్మతు దుకాణం పనితనం

ఒడిశాలోని పర్లాకిమిడిలో పెళ్లి పత్రికలు, అర్జీలు టైపు చేసే నాకు తెలుగు, ఒడియా లిపులు ఒకే పుటలో సవ్యంగా కనిపించడం తప్పనిసరి. కంప్యూటరును లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకు మార్చిన తరువాత పత్రిక నెత్తిన ఉండే ‘శ్రీరస్తు’లో శకారం పొల్లుతో ఒకచోట, ‘రీ’ మరొకచోట నిలబడ్డాయి. ఒడియా అక్షరాలున్న చోట ఖాళీ గళ్లు వచ్చాయి. మొదట చూపించిన చోట మొత్తం ఫార్మాట్ చేయాలన్నారు. రెండవ దుకాణంలో మాత్రం జబ్బేమిటో కనుక్కున్న తరువాతే మందు వేశారు.

అక్కడి యువకుడు ముందుగా ఎఫ్‌సీ-లిస్ట్ ఆదేశంతో తెలుగు ఫాంట్ల జాబితా తీశాడు. ఏళ్ల క్రితం పాత యంత్రం నుంచి నేను తెచ్చి హోం ఫోల్డరులో పడేసిన ఒక ఫాంటు అందులో కనిపించింది. ఏ అక్షరానికి ఏ ఫాంటు వాడాలో ఫాంట్‌కాన్ఫిగ్ అనే ప్రోగ్రాం నిర్ణయిస్తుందని, ఆ ఫాంటులోని నియమాలను బట్టి హార్ఫ్‌బజ్ అనే మరో ప్రోగ్రాం వత్తులనూ గుణింతాలనూ కూర్చుతుందని వివరించాడు. ప్రతి అక్షరానికీ సంకేతమిచ్చే యూనికోడ్ ప్రమాణంలో ‘శ్రీ’ అంటే శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలు. వాటిని ఒకే రూపంగా మలిచే నియమాలుండే ఓపెన్‌టైప్ పట్టికలు నా పాత ఫాంటులో సరిగా లేవు. ఇక ఒడియాకు అసలు ఫాంటే లేదు. అటువంటి ఖాళీ గళ్లను ‘టోఫు’ అంటారట. ‘టోఫు ఉండకూడదు’ (ఇంగ్లీషులో ‘నో టోఫు’) అన్న ఉద్దేశంతోనే గూగుల్ తన ఫాంట్లకు ‘నోటో’ అని పేరు పెట్టింది.

పాత ఫాంటును తొలగించి, నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా ఫాంట్లను ఎక్కించి, ఫాంట్ల ఎంపికను నిర్దేశించే ఫాంట్స్ డాట్ కాన్ఫ్ ఫైలులో వాటికే ప్రాధాన్యం రాసి, ఫాంట్ల జాబితాను తాజాపరిచే ఎఫ్‌సీ-క్యాష్ ఆదేశం నడిపి, ఒకసారి లాగౌట్ చేయించాడు. నలభై నిమిషాల పనికి 300 రూపాయలు ఎక్కువనిపించలేదు. నా కోరిక మీద ఉచితంగా దొరికే ‘గిడుగు’ ఫాంటు కూడా వేశాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో ఆయన పేరిటి అక్షరాలతో పత్రిక వేయడం నాకొక ముచ్చట.

ఇంటికి వచ్చి పత్రాలు టైపు చేసే లిబ్రేఆఫీస్ రైటర్ ప్రోగ్రాం తెరిచి, స్టైల్‌లో ఫాంటు మార్చినా తెలుగు మాత్రం మారలేదు. రైటర్‌లో ఆంగ్లాది లిపులకు ఒక గడి, మన లిపుల వంటి సంక్లిష్ట లిపులకు వేరొక గడి ఉంటాయి. నేను మొదటి గడిలోనే మార్పులు చేస్తూ కూర్చున్నాను. మరునాడు మళ్లీ వెళితే డబ్బు తీసుకోకుండా చూపించాడు గాని, టైపు పనివాడినని ముందే చెప్పాను కాబట్టి అది మొదటిరోజే చూపించవలసిన విషయం.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో వత్తులు ఇప్పటికీ కుదురుగా లేవు. సమానమైన గళ్లలో అక్షరాలు పేర్చే ఆ ప్రోగ్రాం తీరే అంతనీ, ఫాంటు మార్చి లాభం లేదనీ అతను దాపరికం లేకుండా చెప్పాడు. మెనూలో ‘రాష్ట్రం’ అడుగున వత్తులు తెగిపోతుంటే ప్యానెల్ ఎత్తు కాస్త పెంచి సరిచేశాడు.

రసీదులో ‘ఫాంటు పని’ అని రెండే మాటలున్నాయి. ఏయే ఫైలులో ఏమి మార్చాడో రాసిమ్మని నేను పట్టుబడితే, దాని వెనుక వైపు పెన్సిలుతో రాసి ఇచ్చాడు.