పిల్లల 1500, 1600 రన్నింగ్‌కి విజిల్ పేసింగ్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తెల్లారకముందే రోడ్డెక్కితే పరిగెత్తే కుర్రాళ్లే కనిపిస్తారు, సగం మంది ఆర్మీ అగ్నివీర్‌ కోసం, కొందరు పాతపట్నం వైపు నుంచి పోలీసు సెలెక్షన్‌కి, మిగతావాళ్లు స్కూల్ మీట్‌లో 800, 1500 మీటర్లు అనే పిల్లలు. అందరిదీ ఒకటే జబ్బు, మొదటి రౌండ్ కుక్క తరిమినట్టు లాగేసి మూడో రౌండ్‌కి నడుం పట్టుకుని నిలబడిపోతారు. దీనికి నేను వాడేది విజిల్. ఫోన్ యాప్‌లు కూడా చూశాను గానీ చిన్న గ్రౌండ్‌లో మలుపులు తిరుగుతుంటే జీపీఎస్ మూలలు కోసేస్తుంది, దూరం తప్పు వస్తుంది, ఇక పేస్, అంటే పరుగు వేగం, ఏం చెప్తుంది.

పద్ధతి సింపుల్. గ్రౌండ్ చుట్టూ ప్రతి 100 మీటర్లకి ఒక ఇటుక ముక్క పెట్టి సున్నం కొట్టాలి. అగ్నివీర్‌లో 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే పూర్తి 60 మార్కులు, అంటే 400కి 82న్నర సెకన్లు. 21, 41, 62, 82న్నర అని అట్ట ముక్క మీద చివరిదాకా రాసుకుని ఆ టైముకి విజిల్ ఊదడమే. విజిల్ పడేసరికి పిల్లాడు ఇటుక దగ్గరుండాలి, దాటేసి ఉంటే తగ్గాలి, రాకపోతే కొంచెం లాగాలి. (ఆంధ్రా కానిస్టేబుల్‌కి మగపిల్లలకి అదే 1600కి 8 నిమిషాలు ఇస్తారు కాబట్టి వాళ్లకి ఇంత లెక్క అక్కర్లేదు, రోజూ మెల్లగా పరిగెత్తితే చాలు.) కొలత మాత్రం టేపుతోనే కొలవండి, అడుగులతో వద్దు, అదీ లోపలి గీతకి 20 సెంటీమీటర్లు బయట నుంచి, అసలు ట్రాక్‌లో లోపల గట్టు లేక గీతే ఉంటే కొలిచేది కూడా అలాగే. గీత నుంచి ఇంకో మీటరు బయటగా పరిగెత్తితే రౌండుకి ఆరు మీటర్ల పైనే ఎక్కువ పడుతుంది, పిల్లలకి ఇది చెప్తే నమ్మరు, టేపు పట్టుకుని చూపించాలి.

మొదట్లో అందరూ గొడవే. "మేస్టారూ, మరీ స్లోగా ఉందండి, నేను ముందుకెళ్లిపోతానండి" అంటాడు. "ఎల్లకు నాన్నా, మూడో రౌండ్‌లో మాట్లాడుకుందాం" అంటాను. ఒంట్లో ఆక్సిజన్ సరఫరా పూర్తిగా అందుకోవడానికి నిమిషం పైనే పడుతుంది, ఆలోపే స్ప్రింట్ కొడితే ఆక్సిజన్ బాకీ పెరిగిపోయి కాళ్లు బిగుసుకుంటాయి, 1500లో ఎనభై శాతం దాకా ఆక్సిజన్‌తో వచ్చే శక్తే కదా. ఇదంతా చెప్తే వాళ్లకి ఎక్కదు. ఎక్కేది గ్రౌండ్‌లోనే. తొమ్మిదో తరగతి గుంట ఒకతి ఉండేది, మొదట్లో ప్రతి ఇటుకనీ ముందే దాటేసి వెనక్కి నా వైపు చూసేది, కొన్ని నెలలు పోయాక మూడో రౌండ్‌లో నేను కావాలనే విజిల్ ఆపేస్తే కూడా నా వాచీలో టైముకి సరిగ్గా ఇటుక దగ్గరే అడుగు పడేది, తల తిప్పేది కాదు, మోచేతులు ఒంటికి దగ్గరగా, భుజాలు వదులుగా. అక్కడికొచ్చాక విజిల్‌తో పని అయిపోయినట్టే. మా దగ్గర ఒడియా పిల్లలు, సవర పిల్లలు కూడా కలిసి పరిగెడతారు, నా ఒడియా అంతంతమాత్రం, విజిల్ ఉంది కాబట్టి నడిచిపోతోంది.

ఇక కంప్లయింట్లు. 800కి ఇది సరిగ్గా కుదరదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కెన్యా వాడు రుదీషా 1:40.91 కొట్టినప్పుడు మొదటి రౌండ్ 49.28, రెండోది 51.63, అంటే 800లో ముందు రౌండే స్పీడు. అలాగని అతి చేసినా కష్టమే, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో మన శ్రీరామ్ సింగ్ మొదటి రౌండ్ 50.85కి అందరికంటే ముందు తిరిగి చివరికి ఏడో వాడయ్యాడు, కానీ ఆ 1:45.77 మాత్రం 2018 దాకా మన దేశం రికార్డుగా నిలిచింది, ఆ పరుగుని తప్పు అనడానికి నాకు నోరు రాదు. నేనైతే పిల్లలకి మొదటి 400 రెండు సెకన్లు మాత్రమే ముందు ఊదుతాను, రెండో రౌండ్‌లో అసలు ఊదను.

రెండోది, రేసులో ఎవడూ విజిల్‌కి పరిగెత్తడు. 2017లో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఆసియా మీట్ జరిగితే మన అజయ్ కుమార్ సరోజ్ 1500 గోల్డ్ కొట్టింది 3 నిమిషాల 45 సెకన్ల పైచిలుకులో, మెల్లగా సాగి చివర్లో తేలిన రేసు అది. సమానంగా పరిగెత్తడం ఒక్కటే నేర్చిన పిల్ల అలాంటి గుంపులో తికమకపడుతుంది. అందుకే వారంలో ఒకరోజు విజిల్ లేకుండా, ఎక్కడైనా చప్పట్లు కొడితే అక్కడి నుంచి 300 లాగేయమంటాను.

అన్నిటికంటే పెద్ద కంప్లయింట్ విజిల్ మీద కాదు, దాన్ని రోజూ ఊదమనే తల్లిదండ్రుల మీద. వారానికి ఒకటి రెండు సార్లు చాలు మహాప్రభో, మిగతా రోజులు పక్కవాడితో మాటాడుకుంటూ పరిగెత్తగలిగే స్పీడే. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య ఎదిగే పిల్లలకి మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి, వాపు వస్తుంది, దాని మీద పరిగెత్తించకండి, తగ్గించి డాక్టర్‌కి చూపించండి. ఆడపిల్ల ఊరికే ఆయాసపడుతుంటే బద్ధకం అని తిట్టేముందు రక్తపరీక్ష చేయించండి, స్కూల్లో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర బుట్టలో పడేస్తోందేమో కూడా కనుక్కోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కకముందే ముగించేసి ఇంటికెళ్లి చోడి (రాగి) అంబలి తాగితే అయిపోయింది, పౌడర్ డబ్బాలు కొనక్కర్లేదు.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. లోపల బంతి ఉండే విజిల్ వద్దు, వానకీ ఉమ్మి తడికీ మూగబోతుంది, బంతి లేనిది తీసుకోండి. స్టాప్‌వాచ్ ల్యాప్‌లు గుర్తుపెట్టుకునేదైతే మంచిది. ఒకే స్పీడు పిల్లలు ఐదారుగురు దాటితే గ్రూపులు విడగొట్టాలి, లేకపోతే ఎవరి విజిల్ ఎవరిదో తెలియదు. 1500, 1600కి అయిదుకి అయిదు ఇస్తాను, 800కి మూడు.