గాలి ఎందుకు వీస్తుందో చూపించే ప్రయోగ పెట్టె: ఒక సమీక్ష

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లల కోసం తయారుచేసిన ఈ ప్రయోగ సామగ్రిలో ప్రధానమైనది, ముందువైపు గాజు తలుపు, పైన రెండు గొట్టాలు ఉన్న ఒక రేకు పెట్టె. దానితోపాటు చిన్న కొవ్వొత్తులు, అగరుబత్తీలు, ఇసుకకూ నీటికీ పళ్ళేలు, రెండు థర్మామీటర్లు, గాలి పీడనాన్ని కొలిచే, ముల్లుతో పనిచేసే భారమితి, ఒక వాతావరణ పటం, ప్రయోగాల పుస్తకం ఉంటాయి. అధిక పీడనం నుంచి అల్పపీడనం వైపు గాలి వీస్తుందన్న వాక్యాన్ని బట్టీపట్టే పిల్లలకు, ఆ వాక్యం వెనుక జరిగేదాన్ని కళ్ళకు కట్టడంలో ఈ పెట్టె నిజంగా సమర్థమైనది. పుస్తకం మాత్రం పెట్టె స్థాయిని అందుకోలేదు.

ఒక గొట్టం కింద కొవ్వొత్తి వెలిగించి, తలుపు మూసి, కాసేపాగి రెండో గొట్టం మూతి దగ్గర అగరుబత్తి పట్టుకుంటే, పైకి లేవవలసిన పొగ కిందికి మళ్ళి గొట్టంలోకి దిగుతుంది. పెట్టె అడుగున సన్నని ధారగా అడ్డంగా సాగి, మంట దగ్గరకు చేరగానే ఒక్కసారిగా పైకి లేచి, మొదటి గొట్టంలోంచి బయటపడుతుంది. తలుపు కొద్దిగా తెరిచినా ఆ ధార చెదిరిపోతుంది. పొగ కిందికి ఎందుకు దిగిందని పిల్లలు తమంతట తామే అడుగుతారు, పాఠం మొదలవవలసింది అక్కడే.

ఆ ప్రశ్నకు పుస్తకం ఇచ్చిన జవాబు నాకు తృప్తినివ్వలేదు. వేడిగాలి పైకి పోగా ఖాళీ ఏర్పడుతుందని, దాన్ని నింపడానికి పక్కనున్న గాలి వస్తుందని అందులో ఉంది. నిజానికి అక్కడ ఏ క్షణంలోనూ ఖాళీ ఉండదు. మంట వేడికి గాలి వ్యాకోచించి సాంద్రత తగ్గుతుంది కాబట్టి, ఆ గొట్టంలోని గాలి బరువు తగ్గి, దాని అడుగున పీడనం పక్క గొట్టం అడుగున ఉన్న పీడనం కంటే కాస్త తక్కువవుతుంది. ఆ తేడా వల్లనే బరువైన చల్లగాలి అడ్డంగా తోసుకువచ్చి వేడిగాలిని పైకి నెడుతుంది. పీడనం గురించిన ప్రయోగంలో పీడనం అన్న మాటే లేకుండా వివరణ ముగించడం చిన్న లోపం కాదు.

భారమితిని పెట్టె లోపల ఉంచి గమనించమన్న సూచన ఇంకా ఇబ్బందికరం. సముద్రమట్టం వద్ద సగటు వాయు పీడనం సుమారు 1013 హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) కాగా, ఇంత చిన్న పెట్టెలో ఏర్పడే తేడా ఒక హెక్టోపాస్కల్‌లో నూరో వంతుకు కూడా చేరదు. ముల్లు కదలకపోయేసరికి తేడాయే లేదని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. అదే భారమితిని మెట్ల మీదుగా నాలుగైదు అంతస్తులు మోసుకెళ్తే, సుమారు 8 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున ముల్లు వెనక్కి జరగడం చూడవచ్చు. పీడనమంటే మన పైనున్న గాలి బరువేనని అర్థం కావడానికి ఇంతకంటే మంచి దారి లేదు. 100 కిలోమీటర్ల దూరంలో ఒక్క హెక్టోపాస్కల్ తేడా ఉన్నా, వేరే బలాలేవీ అడ్డుకోకపోతే, నిశ్చలంగా ఉన్న గాలి గంటలో సెకనుకు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. ఈ లెక్క పుస్తకంలో ఉండవలసింది.

ఇసుక, నీటి పళ్ళేల ప్రయోగం చక్కగా కుదిరింది. ఒకే దీపం కింద నీటికంటే ఇసుక ముందుగా వేడెక్కడం, దీపం ఆర్పాక ముందుగా చల్లారడం థర్మామీటర్లలో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి, పగలు సముద్రం నుంచి నేల మీదికి, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి గాలి ఎందుకు వీస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

పటంలో సమభార రేఖలు, అంటే ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు, స్పష్టంగా ఉన్నాయి, అవి దగ్గరగా ఉన్నచోట గాలి బలంగా వీస్తుందన్న సంగతీ బాగా చెప్పారు. అయితే అధిక పీడన కేంద్రం నుంచి అల్పపీడన కేంద్రానికి బాణాలను తిన్నగా గీశారు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి కుడివైపుకు మళ్ళుతుందని, అందుకే అక్కడి తుపానులు అపసవ్య దిశలో తిరుగుతాయని ఒక్క ముక్క కూడా రాయలేదు. తర్వాతి ముద్రణలో సరిచేసేవరకు, ఆ బాణాలను ఉపాధ్యాయులే పెన్సిలుతో వంచి గీసి చూపించవలసి ఉంటుంది.