షాక్‌వేవ్ సిట్టింగ్‌లా, మాత్రా: ఏది మేలు?

విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు నడిపేవాణ్ణి కాబట్టి, మగవాళ్లు ఏ మందు గొంతు తగ్గించి అడుగుతారో నాకు తెలుసు. పక్కన జనం వెళ్లేదాకా ఆగి, "నరాల బలహీనతకు ఏమైనా ఉందా అన్నా" అంటారు. అడిగేది అంగస్తంభన సమస్య గురించే. ఈమధ్య ఇంకో మాట కూడా అడుగుతున్నారు: "షాక్‌వేవ్ చేయించుకుంటే ఇక మాత్రలతో పనుండదట, నిజమేనా?" ఒక్కసారే పెద్ద మొత్తం కట్టి షాక్‌వేవ్ సిట్టింగ్‌ల ప్యాకేజీ తీసుకోవడమా, మాత్ర వాడటమా అన్నది వాళ్ల సందేహం. ఎక్కువమందికి మొదట మాత్రే మేలు. మాత్ర కన్నా ముందు సుగరు, బీపీ, గుండె సంగతి చూపించుకోవాలి.

షాక్ అన్నారు కదా అని కరెంటు పెడతారేమోనని భయపడకండి. అవి ఒత్తిడి తరంగాలు. కిడ్నీలో రాళ్లు పగలగొట్టడానికి 1980 నుంచీ వాడుతున్నవే, ఇక్కడ బాగా తక్కువ శక్తితో ఇస్తారు. వీటివల్ల అంగంలో కొత్త రక్తనాళాలు పుట్టి రక్తప్రసరణ మెరుగుపడుతుందని ఆశ. ఇజ్రాయెల్ వైద్యులు 2010లో తొలి ఫలితాలు ప్రకటించారు. ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో కొన్నిటిలో గుణం కనిపించింది, కొన్నిటిలో పోల్చి చూడటానికి చేసినట్టు నటించే ఉత్తుత్తి చికిత్సకూ దీనికీ పెద్ద తేడా లేదు. అమెరికా యూరాలజీ సంఘం 2018 మార్గదర్శకాల్లో దీన్ని ఇంకా ప్రయోగదశలో ఉన్న చికిత్సగానే పరిగణించాలంది. ఇలాంటిదాన్ని 'శాశ్వత పరిష్కారం' అని అమ్మితే నాకు కోపం వస్తుంది.

మెషిన్లోనూ తేడా ఉంది. ఫోకస్డ్ మెషిన్ తరంగాన్ని లోతున ఒకచోట కేంద్రీకరిస్తుంది. రేడియల్ మెషిన్‌ది మడమ నొప్పికి ఫిజియోథెరపీలో వాడే రకం, దాని బలం చాలావరకు పైపైనే అయిపోతుంది. పరీక్షలు ఎక్కువగా జరిగింది ఫోకస్డ్ రకం మీద. డబ్బు కట్టేముందు మీ దగ్గరున్నది ఏ రకమని అడగండి. చెప్పకపోతే లేచి వచ్చేయండి.

ఇక మాత్ర. వయాగ్రా పేరుతో అందరికీ తెలిసిన సిల్డెనాఫిల్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1998లో. అప్పటినుంచి కోట్లమంది వాడిన మందు. "యాభై ఎంజీ వేసుకున్నా పనిచెయ్యలేదన్నా" అని ఒకాయన నా దగ్గర బాధపడ్డాడు. ఎప్పుడు వేసుకున్నారని అడిగితే, మటన్ బిర్యానీ తిన్న వెంటనే వేసుకుని పడుకున్నానన్నాడు. కొవ్వు తిండి మీద అది ఆలస్యంగా ఎక్కుతుంది. గంట ముందు, కడుపు తేలిగ్గా ఉన్నప్పుడు వేసుకోవాలి. కోరిక, స్పర్శ లేకుండా దానంతట అది పనిచేయదు. ఇదే కోవలోని మరో మాత్ర టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. డాక్టరు చెప్పిన మోతాదులో కనీసం ఆరుసార్లు వేర్వేరు రోజుల్లో వాడి చూశాకే పనిచేయలేదనుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఈ మాత్రలు వేసుకోకూడదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టరు చీటీ లేనిదే నేను ఇవ్వను, ఎంత బతిమాలినా సరే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది. అంగానికి వెళ్లే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నం, గుండెవి మూడు నాలుగు. పూడిక మొదలైతే ముందు బయటపడేది ఇక్కడే, గుండె జబ్బుకు రెండు మూడేళ్ల ముందే ఒక్కోసారి. మూడు నెలల సగటు సుగరు, కొలెస్ట్రాల్, ఉదయంపూట టెస్టోస్టిరాన్ పరీక్షలు రాయకుండా నేరుగా ప్యాకేజీ మాట ఎత్తేచోట, రాబోయే గుండెపోటు సూచన కూడా మరుగున పడిపోతుంది. ప్రైవేటులో భారమనుకుంటే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో యూరాలజీ విభాగం ఉంది, వెళ్లండి.

షాక్‌వేవ్ ఎవరికి? రక్తప్రసరణ లోపం వల్లే అని తేలి, సమస్య తేలికగా ఉండి, సుగరు అదుపులో ఉన్నవారికి. యూరాలజిస్టు తనే ఫోకస్డ్ మెషిన్‌తో చేస్తూ, ఫలితానికి గ్యారంటీ లేదని ముందే చెబితే ప్రయత్నించడంలో తప్పులేదు. ఏళ్ల తరబడి సుగరుండి మాత్రలకూ లొంగని వారైతే వాక్యూమ్ పంపు, అంగంలోకి ఇచ్చే ఇంజెక్షన్, ఆపరేషన్‌తో అమర్చే ఇంప్లాంట్ గురించి అడగడం మంచిది. వాటికున్న ఆధారం షాక్‌వేవ్‌కు లేదు.

ఇరవైల్లో ఉండి, తెల్లవారుజామున మామూలుగానే స్తంభిస్తూ, పెళ్లి టెన్షన్‌తో వచ్చే తమ్ముళ్లకు ఈ సిట్టింగ్‌లు అస్సలు వద్దు. ముందు డాక్టరుతో మాట్లాడండి, అవసరమైతే కౌన్సెలింగ్ తీసుకోండి.