జర్నల్ బేరింగ్‌లో కేవిటేషన్ లెక్కలకు ఓపెన్‌ఫోమ్ ఎంతవరకు పనికొస్తుంది?

లైసెన్సు రుసుము లేకుండా, సోర్స్ కోడ్‌తో సహా దొరికే ప్రవాహ లెక్కల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్‌ను పంపుల కేవిటేషన్‌కు (పీడనం పడిపోయిన చోట ద్రవంలో బుడగలు పుట్టడం) వాడి మెచ్చుకున్నవారు, అదే ధీమాతో జర్నల్ బేరింగ్‌కూ (తిరిగే ఇరుసును నూనె పొర మీద మోసే బేరింగ్) వాడబోతుంటారు. నా మటుకు నేను ఆ పని ఆలోచించి చేయమంటాను.

ఇందులోని ఇంటర్‌ఫేజ్‌చేంజ్‌ఫోమ్ సాల్వర్‌కు (సమీకరణాలను సాధించే ప్రోగ్రామ్) కుంజ్, మెర్కిల్, ష్నెర్-సౌవర్ అనే కేవిటేషన్ నమూనాలున్నాయి. పీడనం ఆవిరి పీడనం కన్నా తగ్గితేనే ద్రవం ఆవిరవుతుందన్నదే మూడింటికీ ఆధారం. ఆ సాల్వర్‌తో వచ్చే కేవిటేటింగ్ బుల్లెట్ ఉదాహరణలో పీశాట్ విలువ 2300 పాస్కళ్లని ఉంటుంది; అది సుమారు 20 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం. ఆ ఫైలులో సాంద్రత, స్నిగ్ధత మాత్రమే మార్చి నూనెకు వాడితే రంగుల బొమ్మ ముచ్చటగానే వస్తుంది, భౌతికశాస్త్రం మాత్రం తప్పుతుంది. ఎందుకంటే స్థిరమైన భారం మోసే బేరింగ్‌లో నూనె పొర తెగేది నూనె ఆవిరై కాదు. మినరల్ ఆయిల్‌లో ఘనపరిమాణంలో సుమారు 9 శాతం దాకా కరిగి ఉండే గాలి వెలువడడం వల్ల, అంచుల నుంచి బయటి గాలి చొరబడడం వల్ల. అందుకే అక్కడి పీడనం వాతావరణ పీడనానికి దగ్గరలోనే ఉంటుంది. భారం క్షణక్షణం మారే ఇంజన్ బేరింగుల సంగతి వేరు, అక్కడ నిజమైన ఆవిరి బుడగలూ పుడతాయి.

మెష్, అంటే లెక్క కోసం ప్రవాహాన్ని సెల్స్ అనే చిన్న గడులుగా విడగొట్టడం, మరో తలనొప్పి. 100 మిల్లీమీటర్ల వ్యాసం, అంతే పొడవు, 50 మైక్రాన్ల రేడియల్ క్లియరెన్స్ (ఇరుసుకూ బేరింగ్‌కూ మధ్య ఖాళీ) ఉన్న బేరింగ్‌కు నూనె పొర మందంలో 10 వరుసలు, మిగతా రెండు దిశల్లో అర మిల్లీమీటరు సెల్ తీసుకున్నా లెక్క 12 లక్షల సెల్స్ దాటుతుంది, ఉత్కేంద్రత (ఇరుసు కేంద్రం పక్కకు జరిగిన దూరానికీ క్లియరెన్స్‌కూ నిష్పత్తి) 0.8 అయితే ఇరుకైన చోట సెల్ పొడవు దాని మందానికి 500 రెట్లు ఉంటుంది, సాల్వర్ మొరాయిస్తుంది.

భారం, ఘర్షణ, నూనె ప్రవాహం మాత్రమే కావాలంటే, 1981లో ఎల్రాడ్ ఇచ్చిన ద్రవ్యరాశి నిత్యత్వ పద్ధతితో, నూనె పొరలో పీడనాన్ని చెప్పే రేనాల్డ్స్ సమీకరణాన్ని సాధించే చిన్న ప్రోగ్రామే మేలు. రుణ పీడనాలను సున్నా చేసేసే పాత పద్ధతి భారాన్ని ఫర్వాలేదనిపించేలా చెప్పినా, ప్రవాహం లెక్కలో నమ్మదగింది కాదు.

ఓపెన్‌ఫోమ్ సత్తా తెలిసేది బేరింగ్‌కు నూనె అందించే గాడి దగ్గర. సన్నని పొరకే సరిపోయే రేనాల్డ్స్ సమీకరణానికి అందని సుడులను అది చక్కగా చూపిస్తుంది. కాబట్టి మొత్తం బేరింగ్‌ను దాని నెత్తిన పెట్టకుండా, గాడి పరిసరాలను మాత్రమే అప్పగించి, సరిహద్దు పీడనాలను రేనాల్డ్స్ ప్రోగ్రామ్ నుంచి అందించాలి.